గిరాకీ ఎవరి సొత్తు?

అనంతపురంలో డ్రిప్పు పైపులు, బోరు మోటర్లు అమ్మే అంగడి ఒకటి. యజమానికి అరవై దాటినాయి. తొమ్మిదేండ్లు ఆయన దగ్గర పనిచేసిన టెక్నీషియన్ మూడు నెలల కింద మానుకొని, కళ్యాణదుర్గం రోడ్డులో సొంతంగా చిన్న అంగడి తెరిచినాడు. పెద్దాయన మేనల్లుడు అదే ఊళ్ళో వకీలు. ఒక ఆదివారం పొద్దున మామ ఒక స్టాంపు కాగితం తీసుకొని అల్లుడి ఇంటికి వచ్చినాడు. ఇట్లాంటి తగాదా ఈ జిల్లాలో ఏ అంగళ్ళ వీధిలోనైనా వినిపించేదే కాబట్టి, ఇక్కడ ఎవరికీ పేరు పెట్టలేదు.

మామ: చదువు అల్లుడూ. వాడు పనిలో చేరిన నాడు రాసిచ్చిన కాగితం. పని మానుకున్నాక రెండేండ్లు మన అంగడి గిరాకీల దగ్గరికి పోను, వాళ్ళతో లావాదేవీ పెట్టుకోను, పెట్టుకుంటే అయిదు లక్షలు కడతాను అని ఉండాది. కింద వాడి సంతకం, ఇద్దరు సాక్షులు. నోటీసు పంపల్ల.

అల్లుడు: చదివినా మామా. నోటీసు పంపడానికేముంది, పంపొచ్చు. ఈ రెండేండ్ల మాటను మాత్రం కోర్టు నిలబెట్టదు.

మామ: ఎందుకు నిలబెట్టదు? నేనేమన్నా బెదిరించి పెట్టించుకున్నానా ఆ సంతకం?

అల్లుడు: సంతకం వాడు ఇష్టపడి పెట్టిందే. అయినా కొన్ని మాటలు ఇష్టపడి రాసిచ్చినా చెల్లవు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 27వ సెక్షను ఉంది. చట్టం ఒప్పుకున్న వృత్తినో వ్యాపారాన్నో చేసుకోకుండా ఒక మనిషిని ఆపే ఒప్పందం, ఆపిన మేరకు చెల్లదు అని దాని సారం. చట్టం వచ్చిన రెండేండ్లకే, 1874లో, కలకత్తా హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒకే పేటలో పోటీ అంగళ్ళవాళ్ళు. ఈ పేటలో నీ అంగడి మూసేస్తే నువ్వు పనోళ్ళకు ఇచ్చిన అడ్వాన్సుల సొమ్ము మేం కడతాం అన్నారు ఒకరు. రెండో ఆయన నమ్మి మూసేసినాడు. వాళ్ళు కట్టలేదు. కోర్టుకు పోతే ఆయనకు పైసా రాలేదు. ఒప్పందమే చెల్లదు, ఒక్క పేటకే ఆపినా ఆపడమే అన్నారు.

మామ: అది అంగడి మూయించే కత. నేను వాణ్ణి మూయమన్నానా? పెట్టుకోమను. పైపులు అమ్ముకోమను, మోటర్లు అమ్ముకోమను. నా రైతుల జోలికి పోవద్దంటున్నా, అంతే. రెండూ ఒకటేనా?

అల్లుడు: కాగితం మీద ఒకటి కాదు. నీ ఖాతా పుస్తకంలో ఎంతమంది రైతులున్నారు?

మామ: వెయ్యి మంది పైనే. కళ్యాణదుర్గం, బెళుగుప్ప, నార్పల, శింగనమల, గార్లదిన్నె, అన్ని దిక్కులా.

అల్లుడు: ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన మనది. దేశంలో జైసల్మేర్ తర్వాత మనమే అని పేరు. ఎక్కువమంది మొగులు చూసి బుడ్డలు విత్తి, దేవుడి మీద భారం వేసేవాళ్ళు. వాళ్ళకు డ్రిప్పుతో పనిలేదు. బోరులో నీళ్ళుండి, చీనీ తోటో దానిమ్మ తోటో పెట్టుకొని, పైపులు పరిచే స్తోమతున్న రైతులు ఊరికి కొందరే. ఆ కొందరూ ఈ ముప్పై ఏండ్లలో ఎప్పుడో ఒకప్పుడు నీ అంగడి మెట్లెక్కినోళ్ళే. వాళ్ళను తాకొద్దంటే వాడు పైపులు ఎవరికి అమ్మల్ల? బెంగళూరంత ఊళ్ళో గిరాకీల జోలికి పోవద్దంటే ఇంకో వీధి ఉంటాది. ఇక్కడ అంగడి మూసుకోమన్నట్లే.

మామ: సరే, వెయ్యి మందినీ వదిలేస్తా. వాడు చేత్తో పైపు పరిచిన తోటలు నూటిరవై ఉంటాయి. ఆ నూటిరవై మందినన్నా వదలమను. అది న్యాయం కాదా?

అల్లుడు: ఆ నూటిరవై మందే కదా వాణ్ణి నమ్మినోళ్ళు.

మామ: ఎవరు నమ్మించినారు? వచ్చిన నాడు వాడికి సబ్‌మెయిన్‌కూ లాటరల్‌కూ తేడా తెలీదు. మన నీళ్ళలో ఉప్పు ఎక్కువ, డ్రిప్పర్లు మూసుకుపోతాయి, యాసిడ్ ఎంత పోయల్ల, ఎన్ని గంటలు నిలపల్ల, ఎట్ల కడగల్ల, అన్నీ నేను పక్కన నిలబడి నేర్పినా. కంపెనీ ట్రైనింగుకు నా ఖర్చుతో పంపినా. బండి నాది, పెట్రోలు నాది. రైతు దగ్గర దుడ్డు లేకపోతే ఉద్దరకు ఇచ్చింది నేను. పంట పోయి మూడేండ్లు బాకీ కట్టని రైతుల గడప తొక్కలేదు నేను. ఆ ఓర్పు చూసి వచ్చినారు వాళ్ళు. వాడి మొకం చూసి కాదు.

అల్లుడు: ఇందులో ఒక్క మాట కూడా నేను కాదనను. నమ్మకంలో నీ పాలు ఉంది. ఉద్దరకు ఇచ్చినోడు నువ్వు కాబట్టి, ఉద్దర కావాల్సిన రైతు మళ్ళీ నీ దగ్గరికే వస్తాడు. ఆ పాలును వాడు ఎత్తుకుపోలేడు. చైత్రంలో చీనీ చెట్టు పిందె మీద ఉండగా మోటర్ కాలిపోతే, రాత్రి తొమ్మిదింటికి బోరులో నుంచి పైపులు ఎత్తి, తెల్లారేలోగా నీళ్ళు పారించినాడు చూడు, ఆ పాలు మాత్రం వాడిది. చీనీ నాటిన నాలుగో అయిదో ఏడు గానీ కాపుకు రాదు. నీళ్ళు తప్పి చెట్టు ఎండితే అన్నేండ్ల కష్టం పోతాది. ఆ రైతుకు నీ పేరు కన్నా వాడి ఫోన్ నంబరు ముఖ్యం. ఈ కాగితం మీద ఆ రైతు సంతకం ఏదీ?

మామ: రైతుకేం పని ఈ కాగితంతో?

అల్లుడు: ఎవరి కాళ్ళకు అడ్డం వేస్తోందో వాళ్ళ పేరే లేదు ఇందులో. ఒప్పందం నీకూ వాడికీ. తన తోటకు ఎవరిని పిలుచుకోవల్లనో తేల్చుకునే స్వేచ్ఛ పోయేది రైతుకు. పాతకాలంలో మన ఊళ్ళల్లో ఆయగాళ్ళుండేవాళ్ళు, విజయనగరం రోజుల నుంచీ. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి, చాకలి, పన్నెండు మంది. ఊరి గిరాకీ వాళ్ళకు వంశ హక్కు. కళ్ళంలో మేర కొలిచి ఇయ్యాల. ఆ హక్కును కుదవ పెట్టుకునేవాళ్ళు, అమ్ముకునేవాళ్ళు కూడా. కమ్మరి కొడవలి సరిగా కొట్టకపోయినా పక్క ఊరి కమ్మరిని పిలవడానికి లేదు. గిరాకీ ఒకరి సొత్తు అయిన కాలం అది. దాన్ని దాటుకొని వచ్చినాం మనం.

మామ: ఆ కట్టుబాటు వల్లనే కమ్మరి కరువులో కూడా ఊరు విడిచి పోలేదు. అది కూడా చెప్పు. రేపు వానల్లేక పోతే, వాడు అంగడికి తాళం వేసి బెంగళూరు పోతాడు. నేను ఈడనే ఉంటా. ముప్పై ఏండ్లలో ఎన్ని కరువులు చూసినా అంగడి తీయని రోజు లేదు. ఆ నిలకడకు విలువ లేదా మీ చట్టంలో?

అల్లుడు: ఉంది. దానికి చట్టం పెట్టిన పేరు గుడ్‌విల్. అంగడికి ఏండ్ల మీద వచ్చిన మంచి పేరు. దాన్ని కాపాడుకునే దారి కూడా చూపించింది. చెప్తా, ముందు నీ మాట ముగించు.

మామ: ముగించేది కాదు, అడిగేది. నువ్వు మీ సీనియర్ ఆఫీసు విడిచి బయటికి వచ్చినావు కదా. నీ వెంట పార్టీలు రాలేదా?

అల్లుడు: వచ్చినారు మామా. ఏడుగురు.

మామ: మరి?

అల్లుడు: నేను ఒక్కరికీ ఫోన్ చెయ్యలేదు. మా వృత్తిలో ప్రకటన చేసుకోవడం, గిరాకీ కోసం పోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారమే తప్పు. వచ్చిన ఏడుగురినీ మళ్ళీ సీనియర్ దగ్గరికే తీసుకుపోయినా. ఆయన సరే అన్నాకనే వకాలత్తు వేసినా. ఆయన ఒప్పుకోకపోతే కోర్టు అనుమతి తెచ్చుకోవల్ల, ఇంకో దారి లేదు. కేసు కాగితాలు మాత్రం పార్టీ సొత్తు. ఫీజు బాకీ ఉందని వకీలు ఫైలు పట్టిపెట్టుకోకూడదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫీజు కోసం దావా వేసుకోవచ్చు, ఫైలు పట్టుకొని పార్టీని కట్టేయకూడదు. ఈ నియమం నాకు నష్టం తెచ్చిన రోజులున్నాయి, లాభం తెచ్చిన రోజులున్నాయి. న్యాయమే అనిపిస్తాది నాకు.

మామ: నువ్వు సీనియర్ గడప తొక్కి చెప్పి వచ్చినావు. వీడు నాకు చెప్పకుండా పోయినాడు. అంతకన్నా పెద్దది ఉంది. నా జీతం తింటూ, ఆఖరు నెలలో నార్పల దిక్కు రెండూళ్ళలో, వచ్చే నెల నా అంగడికి రాండి, రేటు తగ్గించి ఇస్తా అని చెప్పుకున్నాడు. రైతులే నాకు చెప్పినారు.

అల్లుడు: ఇది ముందే చెప్పాల్సింది. ఇది తప్పే. నీ కూలి తీసుకునే రోజుల్లో నీ గిరాకీని తన వైపు తిప్పుకోవడాన్ని ఏ చట్టమూ ఒప్పుకోదు. 1967లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కళ్యాణ్‌లో సెంచురీ వాళ్ళ రేయాన్ ఫ్యాక్టరీ. అయిదేండ్లు పనిచేస్తానని రాసిచ్చిన ఉద్యోగి మధ్యలోనే విడిచి, రాజస్థాన్‌లో పోటీ కంపెనీకి పోయినాడు. ఆ అయిదేండ్ల గడువు తీరేదాకా అట్ల పోకూడదని కోర్టు ఆపింది. పని నడిచే రోజుల్లో కట్టుబాటు వేరు, పని ముగిసిన తర్వాత కట్టుబాటు వేరు. ఆ గీత అక్కడ గట్టిపడింది.

మామ: పని ముగిసిన తర్వాత ఎవరినీ ఆపలేదా ఎప్పుడూ?

అల్లుడు: ఆ ప్రశ్న సుప్రీంకోర్టులో 1980లో వచ్చింది. సరుకుల నాణ్యత పరీక్షించే కలకత్తా కంపెనీ. ఢిల్లీ బ్రాంచి మేనేజరును తీసేసినారు. ఆయన అదే పని సొంతంగా మొదలుపెట్టినాడు. రెండేండ్లు ఆ ఊళ్ళో ఆ పని చెయ్యనని రాసిచ్చిన కాగితం, నీ దాని మాదిరే. కంపెనీ ఓడిపోయింది. విడిచిపోతే అని రాసుకున్నారు గానీ ఆయన విడిచిపోలేదు, మీరే తీసేసినారు అన్నారు ఇద్దరు జడ్జీలు. మూడో జడ్జి ఏ.పీ. సేన్ ఇంకా ముందుకు పోయి, పని ముగిసిన తర్వాత ఆపేది సమంజసంగా కనిపించినా 27వ సెక్షను ముందు నిలవదని రాసినాడు. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసు. ఆయన వ్యవహారాలు చూసిన కంపెనీ, ఒప్పందం ముగిసినాక కూడా ముందు మాకే అవకాశం ఇయ్యాలంది. ఒప్పందం ముగిసినాక ఆ పట్టు చెల్లదని సుప్రీంకోర్టు అనింది. అదే ఏడు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు, తన దగ్గర మానేసి ఇంకో బ్యాంకుకు పోతున్న అధికారిని ఖాతాదారుల విషయంగా ఆపమని ఢిల్లీ హైకోర్టుకు పోయింది. అక్కడా బ్యాంకుకు ఆ ఆజ్ఞ దొరకలేదు.

మామ: అన్నీ మన దేశం మాటలే చెప్తున్నావు. మా అక్క మనవడు కాలిఫోర్నియాలో ఉన్నాడు. ఆడ కంపెనీల కాగితాలు ఇంతింత లావుంటాయంట.

అల్లుడు: కాలిఫోర్నియాలో మనకంటే గట్టి. మన 27వ సెక్షనుకు మూలం, డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అనే వకీలు న్యూయార్కు కోసం రాసిన చట్టం ముసాయిదా. న్యూయార్కు దాన్ని తీసుకోలేదు. కాలిఫోర్నియా తీసుకుంది, మనమూ తీసుకున్నాం. రెండు చోట్లా 1872లోనే. ఆర్థర్ ఆండర్సన్ అనే పెద్ద ఆడిటింగ్ సంస్థ, మానుకున్నాక కొన్ని నెలలు మా క్లయింట్ల పని చెయ్యకూడదు, వాళ్ళను అడగకూడదు అని ఒక పన్నుల మేనేజరు చేత రాయించుకుంది. 2008లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ రెండూ చెల్లవంది. నీ కాగితంలో ఉన్న మాటే అది.

మామ: అట్లయితే నాకు మిగిలిందేమీ లేదన్నమాట. నేర్పించి, తిండి పెట్టి, చివరికి ఖాళీ చేతులు.

అల్లుడు: మిగిలింది ఉంది. వాడు పోయేటప్పుడు ఏమన్నా తీసుకుపోయినాడా?

మామ: కంప్యూటర్‌లో లిస్టు ఉంటాది. ఏ రైతుకు ఎన్ని ఎకరాలు, ఏ రేటుకు కొటేషన్ ఇచ్చినాం, ఎవరి సబ్సిడీ ఫైలు యాడ ఉండాది, ఎవరి బాకీ ఎంత. అది వాడి ఫోన్‌లోకి పంపుకున్నాడు. మన గుమాస్తా చూసినాడు.

అల్లుడు: నీ అసలు కేసు అదే మామా. రైతు ముఖం, రైతు పేరు, ఆ తోటకు పోయే దారి, అవి వాడి తలలో ఉంటాయి. తలను ఖాళీ చేసి పొమ్మనలేం. లిస్టు మాత్రం నీ అంగడిది. 1995లో ఢిల్లీ హైకోర్టులో, పోస్టు ద్వారా సరుకులమ్మే ఒక కంపెనీ కేసు నడిచింది. ఏండ్ల తరబడి కూడబెట్టుకున్న గిరాకీల జాబితాను మానుకున్న ఉద్యోగి నకలు తీసుకొని వాడుకున్నాడు. ఆ జాబితా మీద కంపెనీకి కాపీరైటు ఉందని చెప్పి కోర్టు ఆపింది. మన ఊళ్ళలో 1984లో కరణాల పదవులు తీసేసినప్పుడు ఏమైంది? కరణం తలలోని ఊరి సంగతులు ఆయనతోనే ఉన్నాయి, లెక్కల పుస్తకాలు మాత్రం ఆయన ఇంటి సొత్తు కాదు. ఇదీ అంతే.

మామ: లిస్టు తిరిగిస్తాడు, తలలో పెట్టుకొని రైతులకు ఫోన్లు చేస్తాడు. ఫోన్ చేసి పిలవడం, రైతే పిలిస్తే పోవడం, రెండూ ఒకటేనా?

అల్లుడు: ఒకటి కాదు. ఈ మొత్తం వ్యవహారంలో అసలు తేడా అదే. రైతు పిలిస్తే పోవడాన్ని ఎవరూ తప్పనలేరు. వెంటబడి పిలవడాన్ని ఆపే చోట్లు చట్టంలో రెండున్నాయి. ఒకటి, అంగడిని పేరుతో సహా అమ్ముకోవడం. అమ్మినోడు డబ్బు తీసుకొని మళ్ళీ పక్కనే అదే వ్యాపారం పెట్టకుండా, సమంజసమైన హద్దుల్లో ఆపుకోవచ్చని 27వ సెక్షనులోనే మినహాయింపు ఉంది. రెండోది, 1932 భాగస్వామ్య చట్టం 36వ సెక్షను. బయటికి పోయిన భాగస్వామి పోటీ వ్యాపారం పెట్టుకోవచ్చు, కానీ పాత అంగడి పేరు వాడుకోకూడదు, తాను ఉన్నప్పటి గిరాకీలను అడిగి తన వైపు తిప్పుకోకూడదు.

మామ: అదేగా నేను అడిగేది! భాగస్వామికి ఉన్న కట్టు పనోడికి ఎందుకు లేదు?

అల్లుడు: భాగస్వామికి వాటా ఉంది కాబట్టి. ఇంగ్లండులో 1896లో ట్రెగో, హంట్ అనే కేసు. వార్నిష్ తయారుచేసే భాగస్వామ్య కంపెనీ. గుడ్‌విల్ మొత్తం ఒకరిది అని ముందే రాసుకున్నారు. రెండో ఆయన హంట్ గడువు ముగిసేలోగా, కంపెనీ గుమాస్తాకు డబ్బిచ్చి, గిరాకీల పేర్లు చిరునామాలు రాయించుకుంటూ దొరికినాడు. నీ కంప్యూటర్ లిస్టు కత అప్పుడే జరిగింది. వాళ్ళ దగ్గరికి పోయి అడగకూడదని తీర్పొచ్చింది. సొంతంగా అంగడి పెట్టుకోవద్దని మాత్రం ఎవరూ అనలేదు. ఈ కట్టు ఉన్న చోటల్లా చూడు. ఒక చోట అంగడి అమ్మిన ధర ముట్టింది. ఇంకో చోట లాభంలో వాటా ముట్టింది. మంచి పేరులో పాలు తీసుకున్నోడే ఆ పేరుకు కట్టుబడల్ల. నువ్వు వాడికి తొమ్మిదేండ్లలో ఏం ఇచ్చినావు?

మామ: నెలకు పద్దెనిమిది వేలు, పండక్కి బట్టలు. పెండ్లికి ఎనభై వేలు అడ్వాన్సు ఇచ్చినా. అది తీర్చేసినాడు.

అల్లుడు: పద్దెనిమిది వేలు వాడు పరిచిన పైపుకు, ఎత్తిన మోటరుకు కూలి. ఆ రాత్రి తొమ్మిదింటికి పోయినందుకు పెరిగిన పేరులో వాడికి వాటా రాలేదు. పైగా రెండేండ్లు ఆ పేరుతో వచ్చే బువ్వ తినొద్దంటున్నావు. కూలి ఒకరికి, పేరు ఒకరికి, కట్టుబాటు మాత్రం కూలి తీసుకున్నోడికి. నాకు న్యాయంగా కనపడలేదు మామా. చట్టానికి కూడా కనపడలేదు.

మామ: అయిదు లక్షలు కూడా రావా?

అల్లుడు: ఆపే మాటే చెల్లనప్పుడు, దానికి కట్టిన జరిమానా కూడా పోతాది. చెల్లే మాటను తప్పినా, 74వ సెక్షను ప్రకారం రాసుకున్న అంకె పైహద్దు మాత్రమే. కోర్టు ఇచ్చేది తగిన పరిహారం. లిస్టు వాడుకోవడం వల్ల, ఆఖరు నెల మాటల వల్ల నీకు ఎంత పోయిందో చూపిస్తే దాని గురించి మాట్లాడొచ్చు.

మామ: వాడు చెప్పి పోయింటే నేనే కొబ్బరికాయ కొట్టేవాణ్ణి వాడి అంగడికి. నాకు ఆ బాధ ఉండాది. దానికి సెక్షను లేదు కదా?

అల్లుడు: లేదు మామా. దానికి నా దగ్గర మందు లేదు. ఆ విషయంలో వాడిదే తప్పు. నేను కనపడితే చెప్తా కూడా.

మామ: నోటీసు రాయి. లిస్టు సంగతి ఒక్కటే రాయి. వాడుకోవద్దు, ఫోన్‌లో నుంచి తీసెయ్యమను. నార్పల మాటలు కూడా రాయి, తారీకుతో. రైతుల ముచ్చట అందులో పెట్టొద్దు. వాళ్ళు యాడికన్నా పోనీ.

అల్లుడు: రాస్తా. స్టాంపు కాగితం?

మామ: ఉండనీ. ఇంకో పిల్లోడు ఉన్నాడు మన దగ్గర, నాలుగేండ్ల నుంచి. మోటర్ పని బాగా పట్టినాడు. ఒకటో తేదీ వాడి చేత కూడా ఇట్లాంటిదే రాయించుకోవల్లని ఇంకో కాగితం కొని పెట్టినా.

అల్లుడు: దాని మీద ఏం రాయమంటావు?

మామ: నువ్వన్నావు కదా, వాటా తీసుకున్నోడికే కట్టు అని. సర్వీసు పనుల్లో వచ్చే లాభంలో వాడికి ఎంత ఇయ్యొచ్చో లెక్క చూడల్ల. పావలా వాటా ఇస్తే నాకేం మిగులుతాదో గుమాస్తాతో కూర్చుంటా. అప్పుడు ఆ 36వ సెక్షను మాట రాయి. పోయేటప్పుడు వాడి వాటా లెక్క కట్టి ఇయ్యాలని కూడా రాయి. నన్ను కూడా కట్టేయి అందులో.

అల్లుడు: రెండేండ్లు అని రాయమంటావా?

మామ: ఒక పంట కాలం చాలు. అంతలో నేనే బండెక్కి ఊళ్ళు తిరగల్ల. అట్ల పోయి ఆరేండ్లు దాటింది.